ఏడో కాలు దగ్గర ఆగే చప్పుడు

ఆ మలుపు ఇంటి ముందు నుంచి రాత్రి తొమ్మిది దాటాక ఎవరూ నడవరు.

తప్పనిసరై నడిస్తే అవతలి గోడ పక్కగా, తల దించుకుని, లేని దగ్గు తెచ్చుకుని దగ్గుతూ పోతారు. సైకిలు మీద వెళ్ళేవాళ్ళు అక్కడికి రాగానే గంట కొడతారు. దారిలో మనిషి ఉండడు, కుక్క కూడా ఉండదు. ఎవరిని తప్పుకోమని ఆ గంట అని అడిగితే మాత్రం నోరు విప్పరు.

పాడుపడిన ఇల్లేమీ కాదు. కట్టి మూడేళ్ళు. బూడిద రంగు గోడలు, తెల్ల అంచులు. వీధికంటే పదిహేను మెట్లు ఎత్తులో ముందు వరండా, దాని కింద కారు పెట్టుకునే గది, ఆ గది ముందు రాళ్ళు పరిచిన నేల. వరండా అంచున నల్లటి సన్నటి రెయిలింగ్ – పదకొండు నిలువు కాళ్ళు, వాటిని కలుపుతూ అడ్డంగా పైపులు. గోడలనీ రెయిలింగ్‌నీ ఒకే చెయ్యి గీసినట్టుంటుంది. కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళు పగటిపూట అక్కడ ఆగి ఫొటోలు తీసుకుంటారు.

రాత్రి... ఆ చప్పుడు.

టంగ్...

కాసేపు ఏమీ ఉండదు.

టంగ్...

ఎవరో వరండా ఎడమ చివర, మెట్ల పక్క నుంచి బయల్దేరి, ఒక్కో కాలినీ ఇనపముక్కతో తడుతూ నడిచినట్టు. ఒకటి... రెండు... మూడు... ఏడో కాలు దగ్గర ఆగిపోతుంది. ఎనిమిదోది మోగగా విన్నవాళ్ళు లేరు. మిగతా సంగతులు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు గానీ, ఏడు దగ్గర ఆగుతుందన్న మాట మాత్రం అందరూ ఒకేలా చెప్తారు.

ఏడో కాలు దగ్గరే ఆ ఇంటి ఇల్లాలు కింద రాళ్ళ మీద పడి చచ్చిపోయింది. ఏడాదిన్నర అయింది. అప్పటి నుంచి ఇల్లు తాళం వేసే ఉంది.

దెయ్యం తోసిందన్నారు. ఆ తర్వాత చప్పుడు మొదలయ్యాక, ఆమే దెయ్యమైందన్నారు. దెయ్యం అనే మాట ఆ వీధికి బాగా పనికొచ్చింది. దెయ్యాన్ని ఎవరూ నిలదీయరు. దెయ్యం చేసిన పనికి ఎవరూ సంతకం పెట్టక్కర్లేదు. మనిషి చేసిన తప్పు మీద దెయ్యం పేరు రాసేస్తే అందరికీ హాయిగా నిద్ర పడుతుంది.

ఒక్క మనిషికి తప్ప.

మూడు వీధుల అవతల చిన్న గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టే టైలరమ్మ ఉంది. ఒక సాయంత్రం ఆ మలుపు ఇంటికి ఎదురుగా ఉండే పిన్నిగారు మనవరాలికి కోటు కుట్టించడానికి ఆమె దగ్గరికి తీసుకొచ్చింది. పిల్ల ఒకచోట నిలబడితే కదా! ఈ కాలు మీదా ఆ కాలు మీదా గెంతుతోంది.

"కదలకు! కదిలితే రెయిలింగ్ ఆమె వచ్చి ఎత్తుకుపోతుంది!" అంది పిన్నిగారు.

పిల్ల బొమ్మలా నిలబడిపోయింది.

టైలరమ్మ చేతిలో టేపు కూడా ఆగిపోయింది. ఆ రెయిలింగ్ ఆమె టైలరమ్మకి సొంత అక్క.

"పిన్నీ... ఆ మాట మళ్ళీ అనండి."

పిన్నిగారు నాలిక్కరుచుకుంది. "అయ్యో, పిల్ల కుదురుగా లేదని ఏదో నోటికొచ్చింది అమ్మాయ్..."

"మీ నోటికి ఇంకేమీ రాలేదా? ఈ పిల్లకి జ్వరమొస్తే మా అక్క రెండు రాత్రులు మీ ఇంట్లో కూర్చుంది. అప్పుడు ఎత్తుకుపోయిందా?"

"నేనొక్కదాన్నే అంటున్నానా ఏంటి, వీధంతా అంటుంటే! అయినా రేపటితో ఆ పీడ వదిలిపోతుందిలే. పొద్దున్నే ఆ రెయిలింగ్ పీకేసి కొత్తది పెడుతున్నారుగా. మీ బావ నీకు చెప్పలేదూ?"

బావ టైలరమ్మతో మాట్లాడి ఏడాదిన్నర అయింది.

"ఎవరో నర్సమ్మ ఇల్లు కొంటోందట. ఇద్దరు చిన్నపిల్లలు. మీ బావ గోడలకి మీగడ రంగు వేయిస్తున్నాడు. దానికి నలుపు నప్పదట, చాక్లెట్ రంగుది చేయించాడు. రెయిలింగ్ మారిస్తే ఇంటి మొహమే మారిపోతుందని చెప్పాడు మా ఆయనతో."

పిల్ల చేతి కొలత తీసి చీటీ మీద రాసుకుంది టైలరమ్మ. రాసిన అంకె తనకే అర్థం కాలేదు.

పీకేస్తారు. ఇనప సామాన్ల బండిలో పడేస్తారు. దాంతో అంతా అయిపోతుంది.

ఆమె బావకి ఆ వీధి పెట్టిన పేరు ఎలివేషన్ బాబు. ఇల్లు కట్టినన్నాళ్ళూ ఎలివేషన్, అంటే ఇంటి ముందు అందం, తప్ప ఆయన నోట ఇంకో మాట రాలేదు మరి. గోడకి మేకు కొట్టాలన్నా ఎలివేషన్ పాడవుతుందనేవాడు. రెయిలింగ్ కోసం రెండు నెలలు ఊరంతా తిరిగాడు. పరాయి ఇళ్ళ వరండాల ముందు నిలబడి ఫొటోలు తీసి, రెండుచోట్ల తిట్లు కూడా తిన్నాడు. ఆ ఫొటోల్లోంచి రెయిలింగ్‌లు కత్తిరించి తన ఇంటి ఫొటో మీద అంటించి చూసుకునేవాడు. పాలవాణ్ణి అడిగాడు, పేపరువాణ్ణి అడిగాడు, "ఇది నప్పిందా, అది నప్పిందా" అని. పెళ్ళాన్ని అడగలేదు.

అడక్కపోయినా అక్క ఒకసారి చెప్పింది. "చూడ్డానికి ఎలా ఉన్నా సరే... ఆనుకుంటే ఆగాలండీ. అడుగున ఆ ఇనప ప్లేట్లు ఉంటే ఉండనివ్వండి."

ప్రతి నిలువు కాలికీ అడుగున వెడల్పాటి ఇనప ప్లేటు వస్తుంది. దాన్ని నాలుగు పొడవాటి బోల్టులతో కాంక్రీటులోకి బిగిస్తారు. ఆ ప్లేట్లంటే బావకి ఒళ్ళుమంట. "అంత సన్నటి కాళ్ళకి ఆ ప్లేట్లేంటి, బురద బూట్లు తొడిగినట్టు!" అని నవ్వాడు. అక్క మాట అక్కడితో సరి.

అక్క పోయిన రోజు టైలరమ్మ ఆ ఇంటికి వెళ్ళి, కబుర్లు చెప్పుకుని బయల్దేరింది. గేటు దాటి పది అడుగులు వేసిందో లేదో, వెనక నుంచి అక్క గొంతు.

"ఒసేయ్, నీ టేపు మర్చిపోయావే!"

వెనక్కి తిరిగింది. అక్క రెయిలింగ్ మీద నడుం ఆన్చి, చేతిలో పసుపురంగు టేపు ఊపుతూ నవ్వుతోంది.

ఆ తర్వాత జరిగింది టైలరమ్మ కళ్ళారా చూసింది. రెయిలింగ్ ముందు వెళ్ళింది. అక్క దాని వెనక వెళ్ళింది.

ఈ రెండు మాటలే ఆమె అందరికీ చెప్పింది. వచ్చిన పోలీసులకి చెప్పింది. వాళ్ళు కాగితం మీద 'కాలు జారి పడింది' అని రాసుకున్నారు. బావకి చెప్పింది. ఆయన జనం ముందు తల పట్టుకుని, "ఎవరో వెనక నుంచి తోసినట్టు పడిందండీ... అక్కడ ఏదో ఉంది... పాపం మా మరదలు, కళ్ళముందే జరిగింది కదా, ఏదేదో మాట్లాడుతోంది," అన్నాడు. ఆ సాయంత్రమే ఏడో కాలుని లేపి నిలబెట్టి, తీగతో కట్టించేశాడు. మర్నాటికల్లా అటు చూసినవాళ్ళకి ఏమీ జరగనట్టే ఉంది. ఎలివేషన్ చెక్కు చెదరలేదు.

ఇప్పుడు ఆ మిగిలిన ఇనుము కూడా పోతే, ఆ రెండు మాటలకి సాక్ష్యం ఉండదు. అక్క ఎప్పటికీ పిల్లల్ని భయపెట్టే రెయిలింగ్ ఆమెగానే మిగిలిపోతుంది.

టైలరమ్మ కొట్టు మూసింది. టార్చి తీసుకుంది. అక్క చేతిలోంచి రాళ్ళ మీద పడిన ఆ పసుపు టేపే మెడలో ఉంది. అది లేకుండా ఆమె ఎక్కడికీ వెళ్ళదు.

పదిన్నర అయింది. చంద్రుడు లేడు. వీధి దీపం వెలుగు మలుపుకి ఇవతలే ఆగిపోయింది.

గేటు మీద చెయ్యి వేసింది.

టంగ్...

చెయ్యి గేటు మీదే ఉండిపోయింది.

టంగ్...

వీధిలో ఇంకే చప్పుడూ లేదు. ఎదురింటి పిన్నిగారి కిటికీ ఠక్కున మూసుకుంది. లోపల దీపం ఆరిపోయింది.

మూడు... నాలుగు...

వెనక్కి పోదామని అనిపించింది. అదే క్షణంలో ఆ పిల్ల బొమ్మలా నిలబడిపోవడం గుర్తొచ్చింది. ఎవరికి భయపడుతోంది తను? అక్కకా? జడ వేసి, అన్నం పెట్టి, తప్పు చేస్తే వీపు మీద ఒక్కటిచ్చిన అక్కకా?

అయిదు... ఆరు...

గేటు తోసింది.

ఏడు.

నిశ్శబ్దం.

ఒక్కో మెట్టూ ఎక్కింది. టార్చి వెలిగించలేదు. వెలిగిస్తే ఏం కనపడుతుందో... కనపడకపోతే ఏమవుతుందో... రెండూ భయమే. పదిహేనో మెట్టు మీద నిలబడి, గొంతులోంచి రానంత మెల్లగా పిలిచింది.

"అక్కా..."

వరండా మీదికి అడుగు పెట్టింది.

"అక్కా... నేనే..."

ఆమె కాళ్ళ దగ్గర, మొదటి కాలు పక్కన, నేల మీద నల్లటి ముద్దలాంటిది కదిలింది.

"ఎ... ఎవరది...?"

మగ గొంతు.

టార్చి వెలిగింది. గోడకి వీపు ఆన్చి, మోకాళ్ళు ముడుచుకుని, మూతికి తాడు కట్టిన పనిముట్ల సంచిని రెండు చేతులా గుండెకి హత్తుకుని కూర్చున్నాడు ఒక ముసలాయన. నుదుటి మీద చెమట. ఎర్రబడిన కళ్ళు టార్చి వెలుగుకి మూసుకుపోయాయి.

ఆమె గుర్తుపట్టింది. ఆ రెయిలింగ్ చేసిన వెల్డింగ్ మేస్త్రి.

భయం ఎక్కడికి పోయిందో పోయింది. దాని చోటంతా కోపం ఆక్రమించింది.

"మీరా! మీరా ఏడాదిన్నరగా ఇక్కడ కూర్చుని వాయిస్తున్నది! మా అక్కని దెయ్యాన్ని చేసింది మీరా!"

"అరవకు తల్లీ... మెల్లగా..."

"ఎందుకు మెల్లగా? వీధి నిద్ర చెడుతుందా? చెడనివ్వండి!"

మేస్త్రి లేవబోయి లేవలేకపోయాడు. "నెల రోజుల నుంచే వస్తున్నానమ్మా. కొత్తది చెయ్యమని మీ బావ అడిగినప్పుడే ఇది పీకేస్తారని తెలిసింది. ఈలోగా ఒక్కటంటే ఒక్క కాలైనా గట్టిగా ఉందేమో చూసుకుందామని... చిన్న సుత్తితో పైకి వినపడనంత మెల్లగా తట్టి, కాలికి చెవి ఆన్చి వింటాను. కింద గట్టిగా పట్టుకున్న కాలు మొద్దుగా మోగుతుంది. పట్టు లేనిది గంటలా మోగుతుంది."

"ఎన్ని గంటలా మోగాయి?"

ఆయన తల వంచుకున్నాడు. "పదకొండూ తట్టాను. రోజూ తట్టాను. పదకొండూ గంటలే."

టైలరమ్మ ఆయన ఎదురుగా గొంతు కూర్చుంది. టార్చి నేల మీద పెట్టింది. "ఏం చేశారో చెప్పండి. నాకు అర్థమయ్యేట్టు చెప్పండి."

"ప్లేట్లు కనపడకూడదన్నాడమ్మా మీ బావ. ఇంటికి నప్పవన్నాడు. ప్లేట్లు లేకపోతే కాలు నిలబడదు బాబూ అన్నాను. కోసెయ్ అన్నాడు."

"మీరు?"

"కోశాను."

"ఎందుకు?"

"కోయమన్నాడు గదమ్మా... ఇంటాయన..."

"కోయమంటే పీక కోస్తావా?" మీరు అనే మాట ఆమె నోట్లోంచి జారిపోయింది. "ముప్ఫై ఏళ్ళ పనివాడివి! ఆయనకి తెలీదు సరే, ఆయన ఫొటోలు అంటించుకునే మనిషి. నీకు తెలుసుగా! తెలిసి కోశావుగా!"

మేస్త్రి సంచి తాడు విప్పడం మొదలుపెట్టాడు. ముడి గట్టిగా బిగిసిపోయి, విప్పడానికి చాలాసేపు పట్టింది. లోపలి నుంచి పానా తీసి, ఏడో కాలు దగ్గరికి దాదాపు పాకుతూ వెళ్ళాడు. తీగ కట్టు తప్పించి, కాలి వెనక, వీధికి కనపడని వైపున, అగ్గిపెట్టంత ఇనప చెవి చూపించాడు. దానికి ఒకే ఒక్క బోల్టు.

పానా పెట్టనే అక్కర్లేకపోయింది. రెండు వేళ్ళతో పట్టుకుంటే ఊడి వచ్చింది.

బోల్టు పొడుగు రెండంగుళాలైనా లేదు. చివర తెల్లటి పొడి అంటుకుని ఉంది.

"ఇది టైలు అతికించిన పేస్టు," అన్నాడు. "దాని కింద కాంక్రీటు ఉంది. ఇది అక్కడిదాకా దిగలేదు. పొడుగు బోల్టు పెడితే దాని తల పెద్దదై చెవిలోంచి కనపడుతుందని..."

టైలరమ్మ ఆ బోల్టుని అరచేతిలో పెట్టుకుంది. ఆమెకి ఇనుము సంగతి తెలీదు. కానీ కోటు సంగతి తెలుసు. పై గుడ్డకి మాత్రమే కుట్టిన గుండీ కొట్టులో ఉన్నంతసేపూ ముచ్చటగా ఉంటుంది. వేసుకుని ఒక్కసారి లాగితే గుడ్డతో సహా ఊడొస్తుంది. అందుకే లోపలి గుడ్డదాకా సూది దించి కుట్టాలి. ఎవరూ చూడని ఆ కుట్టే గుండీని పట్టుకునేది. పన్నెండేళ్ళుగా ఆమె ఒక్క గుండీ కూడా పైపైన కుట్టలేదు. ఎవరి కోటు గుండీ ఊడినా ప్రాణం పోయేది కాదు, అయినా కుట్టలేదు.

"ఆ సాయంత్రం తీగ కట్టింది కూడా నువ్వేనా?"

"...నేనే."

"అప్పుడు ఈ బోల్టు చూశావుగా."

"చూశాను."

"చూసి ఇంటికెళ్ళి పడుకున్నావు."

"దెయ్యం అన్నారమ్మా అందరూ. పోలీసులు కూడా మాట్లాడలేదు. నాకు... నాకు ఊపిరొచ్చినట్టయింది." ఆయన అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "కొత్తది నేను చెయ్యలేదు. ఈసారి చెయ్యనని చెప్పేశాను."

"ఈసారి!" అంది టైలరమ్మ. ఆ ఒక్క మాటా ఉమ్మేసినట్టు అంది. "కొత్తదానికి ప్లేట్లు ఉన్నాయా?"

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

ఇద్దరు చిన్నపిల్లలు... నర్సమ్మ...

ఆమె లేచి నిలబడింది. "పొద్దున ఇక్కడ ఉంటావు. ఇప్పుడు నాకు చెప్పిందంతా వీధికి చెప్తావు. రాకపోతే నీ ఇంటి ముందుకొచ్చి నేను చెప్తాను, నీ పెళ్ళాం ముందు, నీ కోడళ్ళ ముందు."

తెల్లారింది. ఏడు గంటలకల్లా చిన్న లారీ వచ్చింది. అందులో అట్టలు చుట్టిన చాక్లెట్ రంగు రెయిలింగ్. దాని కాళ్ళు అడుగున నున్నగా, సన్నగా, ముచ్చటగా ఉన్నాయి. ఒక్క ప్లేటు లేదు. వెనకే బావ. ఇంకాసేపటికి ఇల్లు కొనబోయే నర్సు, డ్యూటీ దుస్తుల్లోనే వచ్చింది. రాత్రి పడుకోని వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. పగలు కదా, అందరికీ ధైర్యమే.

మెట్ల పైన టైలరమ్మ నిలబడి ఉంది.

"నువ్వెందుకొచ్చావు అమ్మాయ్, పొద్దున్నే?" అన్నాడు బావ.

"బావా, మా అక్క ఎలా పడింది?"

"ఇప్పుడు అవన్నీ ఎందుకు... అందరి ముందూ..."

"అందరి ముందే చెప్పావుగా అప్పుడు. మళ్ళీ చెప్పు."

బావ గొంతు సవరించుకున్నాడు. నర్సు వైపు చూశాడు. "ఏదో తోసింది. దాని టైం బాగోలేదు. రెయిలింగ్‌కేం, దిట్టంగానే ఉంది."

"దిట్టంగానే ఉందిగా. అయితే పైకి రా."

ఆయన మెట్లెక్కాడు. ఎక్కక తప్పలేదు, వీధి చూస్తోంది.

"ఇది మూడో కాలు. దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. పగలు, కాబట్టి దెయ్యం లేదు. నీ వెనక ఎవరూ లేరు, నేనూ దూరంగానే నిలబడతాను." ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "ఆనుకో."

"ఏంటీ పిచ్చి..."

"నువ్వు రెండు నెలలు ఊరంతా తిరిగి ఎంచుకున్నదే కదా బావా. నీ ఇంటికి నప్పిందే కదా. మా అక్క ఆనుకున్నట్టు నడుం పెట్టి ఒక్కసారి ఆనుకో. నేను ఈ వీధి అందరి కాళ్ళూ పట్టుకుని క్షమాపణ చెప్పుకుని పోతాను."

బావ చెయ్యి రెయిలింగ్ వైపు లేచింది. అరచేతి దూరంలో ఆగింది. కింద రాళ్ళవైపు చూశాడు. చెయ్యి మెల్లగా వెనక్కి వచ్చి, వీపు వెనక దాక్కుంది.

వీధిలో ఎవరూ దగ్గలేదు కూడా.

"తెలుసు నీకు," అంది టైలరమ్మ. గొంతు పెంచలేదు. "ఆ రోజే తెలుసు. తెలిసి దాన్ని దెయ్యాన్ని చేశావు. చంపింది చాలక."

బావ పెదాలు కదిలాయి. "కనపడని చోట ఏముంటే ఏంటనుకున్నాను..." అన్నాడు.

జనంలోంచి మేస్త్రి వచ్చాడు. రాడేమోనని ఆమె అనుకుంది, కానీ వచ్చాడు. ఎవరి మొహం చూడకుండా మెట్లెక్కి, మొదటి కాలు దగ్గర కూర్చుని, బోల్టుని రెండు వేళ్ళతో తిప్పి లాగి, వరండా మీద పెట్టాడు. "ప్లేట్లు కోసింది నేను," అన్నాడు గట్టిగా. "కోయమన్నది ఆయన. కోసింది నేను."

రెండోది. మూడోది. కొన్నింటికి పానా కావలసి వచ్చింది, కొన్నింటికి అదీ అక్కర్లేదు. టైలరమ్మ పైకి లెక్కపెట్టింది. ఆరు. ఏడోది తన గుప్పిట్లో ఉంది. దాన్నీ వరుసలో పెట్టింది.

"ఎనిమిది," అంది.

ఎదురింటి పిన్నిగారు మనవరాలి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది.

పదకొండు బోల్టులు. పదకొండింటి చివరా తెల్ల పొడే. నర్సు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ చేత్తో తీసి చూసింది. తర్వాత లారీ దగ్గరికి వెళ్ళి ఆ కొత్త రెయిలింగ్ కాళ్ళు చూసింది.

"దీన్ని తీసుకుపొండి," అంది లారీవాడితో. మేస్త్రి వైపు తిరిగింది. "ఇంటి రంగు ఏదైనా నాకు ఫర్వాలేదు. నాకు ప్లేట్లు కనపడాలి. బోల్టు తలలు కనపడాలి. చేస్తారా?"

మేస్త్రి తల ఊపాడు. ఆ తర్వాత టైలరమ్మతో కలిసి స్టేషనుకి నడిచాడు. ఈసారి కాగితం మీద 'కాలు జారి' అన్న మాట లేదు. దాని కింద మేస్త్రి సంతకం ఉంది.

ఆ సాయంత్రం టైలరమ్మ కోటుకి గుండీలు కుడుతుంటే మేస్త్రి కొట్టు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో టార్చి.

"వరండా మీద మర్చిపోయావమ్మా."

"అక్కడ పెట్టి వెళ్ళు."

పెట్టాడు. వెళ్ళలేదు.

"ఇంకేంటి?"

"ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నిన్న రాత్రి... నువ్వు కింద రాళ్ళ మీద నిలబడి దేంతో కొట్టావమ్మా? కర్రతోనా, రాడ్డుతోనా?"

సూది ఆగింది. "నేను కొట్టడమేంటి? కొట్టింది నువ్వుగా."

"రోజూ అర్ధరాత్రి దాటాక వచ్చేవాణ్ణి, నిన్న ఆఖరి రాత్రని ముందే వచ్చాను. అప్పుడే మెట్లెక్కాను తల్లీ. సంచి మూతి కూడా విప్పలేదు. నువ్వే చూశావుగా, దానికి తాడు కట్టే ఉంది." ఆయన గొంతు గుసగుసలోకి దిగిపోయింది. "నా పక్క నుంచే మొదలైంది. నా చెవి పక్క నుంచే. ఒకటీ రెండూ అంటూ అటు పోయింది. కింద నుంచి నువ్వు కొడుతున్నావేమో, నన్ను బెదిరించడానికి, అనుకుని అక్కడే కూలబడ్డాను..."

ఆమె కళ్ళముందు అంతా మళ్ళీ నిలబడింది. తాడు కట్టిన సంచి. విప్పడానికి రాని ముడి. ఆయన రోజూ తట్టేది పదకొండు. వీధి వినేది ఏడు. ఆయన వస్తున్నది నెల నుంచి. వీధి వింటున్నది ఏడాదిన్నర నుంచి.

టైలరమ్మ దారం తెంపింది. మెడలో పసుపు టేపుని ఒకసారి తడుముకుంది. భయపడిన మనిషి మొహం కాదది.

"నర్సమ్మ రెయిలింగ్ ఎప్పుడు పెడుతున్నావు?"

"వచ్చే వారం..."

"ప్రతి కాలికీ నాలుగు బోల్టులూ కాంక్రీటులోకి దిగాలి. ఏడోదానికి ఇంకా గట్టిగా దించు." ఆమె ఇంకో గుండీ తీసుకుని, లోపలి గుడ్డదాకా సూది దించింది. "ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యి మేస్త్రీ. రాత్రికి వచ్చి తట్టి చూసేది నేను కాదు."